సముద్రానికి ఓ రోజు

అండమాన్ అనగానే నీలాల్లాంటి నీళ్లూ తెల్లటి ఇసుకా గుర్తొస్తాయి. ఆ వెంటనే 'అంత ఖర్చు మనవల్ల ఏమవుతుందిలే' అన్న మాటా వచ్చేస్తుంది. విజయనగరం నుంచి మేం నలుగురం వెళ్లి, మూడు దీవులు తిరిగి, లక్ష రూపాయల్లోపే ఇంటికొచ్చాం. అందులో మా తెలివి కొంతే. మిగతాదంతా ముందుగా వదిలిపెట్టుకున్న ఒక ఖాళీ రోజు పుణ్యం.

చీటీ డబ్బులు లక్ష చేతికొచ్చినప్పుడు ఇంట్లో తలో మాటా అన్నారు. మావారు ఊటీ అన్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, సైన్సు పుస్తకంలో బొమ్మ చూసినప్పట్నుంచీ పగడాల దిబ్బలంటూ కలవరిస్తోంది. ఎప్పుడూ ఏదీ అడగని మా అత్తయ్య మాత్రం, 'అండమాన్ అయితే నేనూ వస్తానమ్మా' అన్నారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. తిరుపతి, కాశీ తప్ప మరో ఊరు చూడాలని అడిగి ఎరగరు.

కారణం మా అందరికీ తెలిసిందే. ఆవిడ తమ్ముడు 1978లో తాపీపని కోసం విశాఖలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాడు. రెండు మూడేళ్లకోసారి ఊరొచ్చి పది రోజులుండి వెళ్లేవాడు. పెళ్లి చేసుకోలేదు. పన్నెండేళ్ల కిందట అక్కడే పోయాడు. కబురు అందేసరికే అన్నీ అయిపోయాయి. 'వాడున్న చోటు ఒక్కసారి చూసొస్తే చాలు. వాడు కట్టిన గోడైనా ఒకటి ఉండకపోతుందా' అనేవారు అత్తయ్య. అలా ఊటీ పక్కకెళ్లింది. నేను వంద పేజీల నోటుపుస్తకం ఒకటి తీసి లెక్కలు మొదలుపెట్టాను.

ముందు పడవ, తర్వాతే గది

అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి ఎనిమిది వందలకు పైగా దీవులూ రాతిగుట్టలూ ఉన్నాయి. మనుషులుండేవి ముప్పై పైచిలుకే. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా చూసేవి మూడు ప్రాంతాలు. పోర్ట్‌బ్లెయిర్, అక్కణ్నుంచి హావ్‌లాక్, ఆ పక్కనే నీల్. 2018లో హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ల నోట పాత పేర్లే. రెండూ తెలిసుంటే మంచిది.

మామూలుగా మనం ఊరెళ్లాలంటే ముందు గది చూసుకుంటాం. దీవులకి ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ ఒక చోటినుంచి మరో చోటికి బస్సుండదు, రైలుండదు. పడవ ఎప్పుడుంటే అప్పుడే ప్రయాణం. అందుకని ముందు పడవల వేళలు రాసుకుని, వాటి మధ్యలో గదులు ఇరికించాను.

పెద్ద ఖర్చు అక్కడికి చేరడమే. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలున్నాయి. విశాఖ నుంచి అరుదుగా ఉంటుంది. రెండున్నర మూడు రోజుల ప్రయాణం. బంకు టికెట్టు విమానంకన్నా బాగా చవక. మా అమ్మాయికి ఓడంటేనే ఇష్టం. కానీ రానూపోనూ ఆరు రోజులు సముద్రం మీదే అంటే సెలవులు చాలవు. అందుకని చెన్నై దాకా స్లీపర్ రైలు, అక్కణ్నుంచి విమానం అనుకున్నాం. విమానం రెండుంబావు గంటలు. మూడు నెలల ముందే టికెట్లు తీసుకున్నాం.

డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధరలు చుక్కల్లో ఉంటాయి. నవంబరు చివరి వారంలో బాగా తగ్గాయి. ఎందుకు తగ్గాయో కోస్తావాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనాల కాలమది. 2016 డిసెంబరులో తుపాను వాతావరణానికి పడవలు ఆగిపోయి హావ్‌లాక్, నీల్‌లలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుంటే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సొచ్చింది. ఆ సంగతి గుర్తుంది కనకే నోటుపుస్తకంలో ఏడో రోజు గడిని ఖాళీగా వదిలేసి, 'సముద్రానికి' అని రాశాను.

'ఊరికే కూర్చోడానికి గది అద్దె, భోజనాలు... మూడు వేలు దండగ కదా' అన్నారు మావారు. వచ్చే విమానం తప్పిపోతే అప్పటికప్పుడు నలుగురికి టికెట్లు ఎంతవుతాయో లెక్కేసి చూపించాను. మళ్లీ మాట్లాడలేదు. ఆ ఒక్క రోజు, పెట్టె అడుగున చీరల కింద దాచుకున్న డబ్బులాంటిది. వాడకపోయినా ధైర్యం.

ఇంకో జాగ్రత్త కూడా పడ్డాం. దూరపు దీవులు ముందు చూసి, చివరి మూడు రాత్రులూ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండేలా రాసుకున్నాం. విమానం ఎక్కే ముందు రోజు వేరే దీవిలో ఉన్నామంటే ప్రాణం అరచేతిలో పెట్టుకున్నట్టే.

ఏడొందల కొట్లు

విమానం కిటికీలోంచి దట్టమైన అడవి, దాని అంచున తెల్లటి నురగ కనిపించగానే అత్తయ్య చీర కొంగు సర్దుకున్నారు, ఎవరింటికో వెళుతున్నట్టు. ఆటో ఎక్కి రెండు మలుపులు తిరిగామో లేదో తెలుగు వినిపించింది. ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగే. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

మొదటి సాయంత్రం సెల్యులార్ జైలుకెళ్లాం. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టడం పూర్తిచేశారు. నడుమ బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు వరసలు. ఇప్పుడు మూడే మిగిలాయి. దాదాపు ఏడొందల కొట్లు. ఒక కొట్టులో ఉన్నవాడికి ఎదుటివాడి మొహం కనపడకుండా కట్టారు. ఖైదీలతో గానుగలు తిప్పించి నూనె తీయించిన చోటుని మా అమ్మాయి చాలాసేపు చూస్తూ నిలబడింది.

మనవాళ్లూ ఇక్కడ శిక్ష అనుభవించారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లో ఉన్నారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి బయటికొచ్చాక, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అత్తయ్య చూపు మాత్రం గోడల మీదే ఉంది. ఇటుకలు బర్మా నుంచి తెప్పించారని గైడు చెబితే, 'ఇటుక ఎక్కడిదైతేనేం, పేర్చిన చెయ్యి ఎవరిదో' అన్నారు.

నాలుగున్నరకే దీపాలు పెట్టే వేళవుతుంటే మొదట కంగారుపడ్డాం. ఈ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మన టైమే. నవంబరు చివర్లో సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు. అందుకే ఇక్కడ రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. తొమ్మిదింటికి టిఫిను తిని బయల్దేరదామంటే సగం రోజు పోయినట్టే.

డెక్కు మీద గాలి

హావ్‌లాక్‌కి రెండు రకాల పడవలున్నాయి. ప్రైవేటువి ఏసీ పడవలు, గంటన్నర రెండు గంటల్లో దింపేస్తాయి. ప్రభుత్వ పడవకి ఇంకాస్త సమయం పడుతుంది, టికెట్టు మాత్రం సగంకన్నా తక్కువ. దానికి త్వరగా సీట్లు అయిపోతాయి. ముందే తీసుకోవడంతో మాకు దొరికాయి. ఏసీ పడవలో అద్దాల వెనక కూర్చోవాలి. దీన్లో డెక్కు మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. నీళ్లలోంచి గుప్పెడు వెండి నాణేలు విసిరినట్టు ఎగిరే చేపలు లేచి, అల్లంత దూరాన మళ్లీ మునిగిపోతుంటే నలుగురం చిన్నపిల్లలమైపోయాం.

హావ్‌లాక్‌లో తీరాలకి నంబర్లుంటాయి. ఏడో నంబరు బీచ్ అంటే రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని మెచ్చుకున్నది దీన్నే. పిండిలాంటి ఇసుక, వెనకాల ఆకాశాన్నంటే చెట్లు. చూడ్డానికి పైసా ఖర్చులేదు. పడవ దిగిన చోటునుంచి బస్సులో వెళ్తే ఆటో డబ్బులూ మిగులుతాయి. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న చోట మాత్రం నీళ్లలో దిగకండి. 2010లో రాధానగర్ పక్కనే ఓ యాత్రికురాలు మొసలి నోటపడింది. కాపలావాళ్లు ఈల వేస్తే బయటికి రావాల్సిందే.

ఇక్కడ డబ్బు కరిగిపోయేది నీటి ఆటల దగ్గర. స్కూబా, స్పీడ్ బోటు, జెట్ స్కీ... నలుగురం తలో ఆటా ఆడితే ఒక్క పూటలో పది పన్నెండు వేలు హాంఫట్. 'ఒకటే. అదీ పగడాల కోసం. అదీ నీల్‌లో' అని ముందే మాట తీసుకున్నాను. మా అమ్మాయి మూతి ముడుచుకుంది గానీ కాళాపత్తర్ తీరంలో సన్యాసి పీతలు గవ్వల్ని మోసుకుంటూ పరిగెత్తడం చూసి అన్నీ మరిచిపోయింది.

రాముడి ఊళ్లు

నాలుగో రోజు నీల్ చేరాం. ఎంత చిన్న దీవంటే, సైకిళ్లు అద్దెకు తీసుకుని ఓ పూటలో చుట్టేయొచ్చు. ఊళ్ల పేర్లు వినగానే అత్తయ్య మొహం విప్పారింది. రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్! దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఈ దీవుల్లో భూములిచ్చి ఇళ్లు కట్టుకోమన్నారు. నీల్ కూడా అలా ఊరైంది. వరిచేలు, అరటి తోటలు, కూరగాయల మడులు. ఇక్కడ పండిన కూరలు పోర్ట్‌బ్లెయిర్ బజారుదాకా వెళతాయి. అన్నం, పప్పు, చేపల పులుసు పెట్టే చిన్న బెంగాలీ హోటళ్లు పెద్ద రిసార్టుల భోజనంలో మూడోవంతు ధరకే కడుపు నింపుతాయి.

భరత్‌పూర్ దగ్గర అడుగున గాజు బిగించిన పడవెక్కాం. మెదడులాంటివి, జింక కొమ్ముల్లాంటివి, పగడాలు ఎన్ని ఆకారాలో! వాటి మధ్య పసుపు చారల చేపలు. అక్కడక్కడ బూడిదరంగులో చచ్చిన దిబ్బలూ ఉన్నాయి. సముద్రం వేడెక్కితే పగడాలు తెల్లబడిపోతాయి. 2010లో అండమాన్‌లో అలా చాలా పగడాలు దెబ్బతిన్నాయి. 'ఇవి రాళ్లు కాదు నాన్నమ్మా, ప్రాణులు' అని మా అమ్మాయి అత్తయ్యకి పాఠం చెప్పింది.

ఆ వెంటనే పాఠం చెప్పే వంతు అత్తయ్యకొచ్చింది. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. ఆటుకి నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడే అక్కడిదాకా నడవగలం. చాలామంది వేళ తెలియక వెళ్లి నీళ్లు చూసి తిరిగొస్తారు. అత్తయ్యది కళింగపట్నం దగ్గర సముద్రపుటొడ్డు ఊరు. 'ఇవాళ కార్తీక పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎంత ఎక్కువో ఆటూ అంతే' అన్నారు. హోటలాయన్ని అడిగితే మూడున్నరకి వెళ్లమన్నాడు. వెళ్లేసరికి రాళ్లు తేలి ఉన్నాయి. గుంటల్లో నీలం చేపలు, సముద్ర దోసకాయలు. రాతి వంతెన కింద ఫొటోలు దిగాం. కాళ్లకి జారని చెప్పులు తప్పనిసరి.

ఆ సాయంత్రం ఒడ్డున అత్తయ్య సంచిలోంచి మూడువందల అరవై ఐదు వత్తుల కట్ట తీశారు. ఇంటి నుంచి తెచ్చుకున్నారని మాకు తెలియనే తెలియదు. కొబ్బరి చిప్పలో పెట్టి వెలిగించారు. సగం కాలిందో లేదో గాలి ఆర్పేసింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరింది. ఆవిడ కాసేపు సముద్రంవైపు చూసి, 'గాలి మారిందమ్మా. రేపు పడవ రాదు' అన్నారు.

రెండు రోజుల ఎదురుచూపు

నిజంగానే రాలేదు. తెల్లారేసరికి వాన, ఈదురుగాలి. జెట్టీ దగ్గర పడవలన్నీ రద్దని బోర్డు పెట్టారు. ఒక్కసారిగా గోల. ఆ మధ్యాహ్నమే విమానం ఉన్న ఓ కొత్త జంట దిగాలుగా పెట్టెల మీద కూర్చుంది. చుట్టూ మందలించేవాళ్లు, తిట్టేవాళ్లు. సముద్రం ఎవర్ని తిడితే ఊరుకుంటుంది?

మేం గదికి తిరిగొచ్చేశాం. యజమాని పాత అద్దెకే ఇంకో రెండు రాత్రులు ఉండనిచ్చాడు. పోర్ట్‌బ్లెయిర్ గదికి ముందుగా డబ్బు కట్టలేదు గనక ఫోన్ చేసి చెబితే సరిపోయింది. ఆరో రోజూ పడవ రాలేదు. రాస్ దీవి, నార్త్‌బే రెండూ అలా కొట్టుకుపోయాయి. పాత ఇరవై రూపాయల నోటు వెనక కనిపించే కొబ్బరిచెట్ల తీరం ఆ నార్త్‌బే వైపుదే. చూడాలని మావారికి భలే కోరిక.

కానీ నా మనసులో వేరే దిగులు. ఎనిమిదో రోజు పొద్దున విమానం. ఏడో రోజూ పడవ రాకపోతే డబ్బు పోవడం సరే, అత్తయ్య వచ్చిన పని? ఆవిడ ఒక్క మాటా అనలేదు. కిటికీ దగ్గర కూర్చుని మా అమ్మాయికి తమ్ముడి కబుర్లు చెబుతూ గడిపారు. ఊరొచ్చినప్పుడల్లా గవ్వల దండలు తెచ్చేవాడట. వెళ్లేటప్పుడు ఆవకాయ జాడీ పట్టుకెళ్లేవాడట.

ఏడో రోజు తెల్లవారుజామున గాలి తగ్గింది. ప్రభుత్వ పడవ కిక్కిరిసిపోయింది. ఎక్కువ డబ్బు పెట్టి ప్రైవేటు పడవలో నాలుగు సీట్లు సంపాదించాం. పది గంటలకి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాం. ఖాళీ రోజని నేను రాసుకున్న గడిలోనే దిగాం.

జంగ్లీఘాట్

'ఈ పూట రాస్ దీవికి పడవ ఉందేమో కనుక్కోనా?' అన్నారు మావారు. మా అమ్మాయే 'ముందు నాన్నమ్మ పని' అంది. పెట్టెలు గదిలో పడేసి జంగ్లీఘాట్‌కి ఆటో మాట్లాడాం. చేపల రేవు అది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేట.

అత్తయ్య దగ్గర ఓ పాత ఇన్‌లాండ్ కవరుంది. దాని మీద చిరునామా సగం చెరిగిపోయింది. చేపలమ్ముతున్న ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, 'ఏ ఊరమ్మా మీది?' అంది. కళింగపట్నం దగ్గరంటే, 'అయితే మనోళ్లే' అంటూ చేపల బుట్ట పక్కమ్మాయికి అప్పజెప్పి మా వెంట వచ్చేసింది. సందులన్నీ తిరిగాం. పాత పెంకుటిళ్లు పోయి మేడలు లేచాయి. ఆయన ఉన్న ఇల్లు ఏదో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఓ చిన్న గుడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. పేరు చెబితే ఆయన చాలాసేపు ఆలోచించాడు.

'గుర్తు రావట్లేదమ్మా. అప్పట్లో తాపీవాళ్లు చాలామంది ఉండేవారు. ఆదివారం పనుండేది కాదు. అందరూ వచ్చి ఈ ప్రహరీ లేపారు. ఒక్కడూ కూలి పుచ్చుకోలేదు' అన్నాడు.

అత్తయ్య లేచి ఆ గోడ దగ్గరికెళ్లారు. సున్నం మీద సున్నం వేసి ఇటుకలు కనపడటం లేదు. ఒక మూల మాత్రం పెచ్చు ఊడి రెండు వరసలు బయటపడ్డాయి. అక్కడ చెయ్యి పెట్టి నిలబడ్డారు. 'వాడు కట్టిందో కాదో. వాడితో అన్నం తిన్నవాళ్లు కట్టిందైతే చాలు' అన్నారు. సంచిలోంచి నీల్‌లో సగం కాలిన వత్తుల కట్ట తీశారు. చేపలావిడ పరుగున వెళ్లి ప్రమిద తెచ్చింది. గోడ చాటున గాలి లేదు. దీపం చివరిదాకా వెలిగింది.

రాత్రి నోటుపుస్తకం తీసి మొత్తం కూడాను. రైలు 4,000, విమానం 41,000, గదులు 13,300, పడవలు 9,000, భోజనాలు 12,500, ఆటోలూ సైకిళ్లూ టికెట్లూ గాజు పడవా కలిపి 8,200. వెరసి 88,000. మా ఇంటి జంతికలు, సున్నుండలు చేసిన సాయం ఇందులో కలపలేదు. ఏడో రోజు గడిలో 'సముద్రానికి' అన్న మాట కొట్టేసి, 'ఆటో 160, అరటిపళ్లు 60, నూనె 20' అని రాశాను.

వెళ్లాలనుకుంటే...

* ఫిబ్రవరి, మార్చిల్లో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వెళితే కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

* ఈ మూడు చోట్లకీ మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. ఆదివాసుల రక్షిత ప్రాంతాల్లోకి వెళ్లడం, వాళ్లని ఫొటోలు తీయడం నేరం.

* చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. ఫోన్లో డబ్బు కట్టడం అన్నివేళలా కుదరదు. నోట్లు దగ్గరుంచుకోండి.

* పగడపు ముక్కలు, గవ్వలు ఏరుకుని తీసుకురాకండి. విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు, కేసూ పెట్టొచ్చు.

* పడవ ప్రయాణంలో వికారం ఉన్నవాళ్లు డాక్టరునడిగి మాత్ర ముందే వేసుకోవాలి. పడవెక్కాక వేసుకుంటే లాభం తక్కువ.